ఫిన్స్ కొనే ముందు చూసుకోవాల్సినవి

చెన్నైలో స్కూబా (సిలిండరు గాలి పీలుస్తూ నీళ్ల అడుగున ఈదడం) కోర్సులో చేరిన మనవాళ్లు ముందు ఫిన్స్ కోసమే, అంటే ఈదడానికి కాళ్లకి తొడిగే తెడ్ల లాంటి వాటి కోసమే, షాపుకి పరిగెడతారు. ఆగండి. పూల్ క్లాసులు సెంటర్ వాళ్ల ఫిన్స్‌తో కానివ్వండి.

• రకం తేల్చుకోండి. మడమ మూసి ఉన్నవి ఉత్త కాళ్లకే వేసుకోవచ్చు, తేలిక. వెచ్చటి నీళ్లలో పడవ మీంచి దిగేవాళ్లకి చాలు. మడమ తెరిచి పట్టీ ఉన్నవాటికి బూటీలు (లోపల వేసుకునే మెత్తటి డైవింగ్ బూట్లు) కావాలి. ఒడ్డు నుంచి నడిచి దిగాలంటే ఇవే నయం. మన తీరంలో మధ్యాహ్నపు ఇసుక ఎలా కాలుతుందో చెప్పాలా?

• సైజు: షూ నంబరు నమ్మొద్దు, కంపెనీకో కొలత. బూటీలు వెంట తీసుకెళ్లి, వాటితోనే తొడగండి. కూర్చుని కాలు గాల్లో ఆడించండి. వేళ్లు ముడుచుకుంటే చిన్నవి, మడమ జారితే పెద్దవి. పాదం వంపు దగ్గర నొక్కినా వద్దనేయండి. షాపులో చిన్న నొప్పే, నీళ్లలో తిమ్మిరై కూర్చుంటుంది.

• బ్లేడు, అంటే పాదం ముందుకి సాగే రెక్క, మరీ గట్టిగా ఉంటే పిక్కలు పట్టేస్తాయి. ఫ్రీడైవింగ్ (సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి దిగడం) వాళ్ల పొడవాటి ఫిన్స్ ఫొటోలకి బాగుంటాయి, మీకొద్దు.

• స్ప్రింగ్ పట్టీ ఖరీదెక్కువే, కానీ తడిచేతులతో లాగడం సులువు. రబ్బరుదైతే పగుళ్లు చూడండి, స్పేరొకటి ఉంచుకోండి.

• ఫిన్స్‌తో నడవాల్సొస్తే వెనక్కే నడవండి.