మా ఎక్సెల్ బండిని సరుకులకు అనువుగా మార్చుకున్న తీరు

గుడివాడలో మాకు టిఫిన్ సెంటర్ ఉంది. రోజూ తెల్లారకముందే కూరగాయలు, కొబ్బరికాయలు తేవాలి. రెండు రోజులకోసారి 25 కిలోల ఇడ్లీ రవ్వ బస్తా, మధ్యలో 20 లీటర్ల నీళ్ల టిన్ను. అన్నీ మోసేది 22 వేలకు సెకండ్ హ్యాండ్‌లో కొన్న టీవీఎస్ ఎక్సెల్ 100. గేర్లు లేవు, కాళ్ల దగ్గర చదునుగా జాగా ఉంది, వెనక సీటు ఊడదీయొచ్చు. 1980లో టీవీఎస్ 50 వచ్చిన దగ్గర్నుంచి మన పాలవాళ్లు, చేపలవాళ్లు ఈ రకం బండిని ఊరికే పట్టుకోలేదు.

కొనగానే క్యారియర్ చేయించకండి. ముందుగా టైర్లు, బ్రేకు లైనింగులు, చైన్ మార్పించండి. ఖాళీ బండి ఆగినంత తొందరగా బస్తా ఉన్న బండి ఆగదు.

బరువు ఎంత కిందికి, ఎంత ముందుకి ఉంటే అంత మంచిది. అందుకే నీళ్ల టిన్ను, రవ్వ బస్తా ఎప్పుడూ కాళ్ల దగ్గరే పెడతాను. అక్కడ రబ్బరు మ్యాట్ కోయించి పరిచాను, టిన్ను జారదు. సరుకు పెట్టాక హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి, ఎక్కడా తగలకూడదు. హ్యాండిల్‌కి సంచులు తగిలించే అలవాటుంటే మానేయండి, మలుపులో బండి లాగేస్తుంది.

ఇక క్యారియర్. మొదటిసారి వెల్డింగ్ చేసే అబ్బాయి, "అక్కా, ఇంకో అడుగు పొడుగు పెడితే ఇంకో బస్తా పడుద్ది" అన్నాడు. సరే అన్నాను. రైల్వే గేటు ఎత్తు ఎక్కుతుంటే ముందు చక్రం తేలిపోయింది, గుండె ఆగినంత పనైంది. వెనక చక్రం ఇరుసు దాటి బరువు వెనక్కి పోకూడదని అప్పుడు తెలిసింది. మర్నాడే కోయించేశాను. క్యారియర్‌ని ఛాసిస్‌కి, అంటే బండి అసలు ఫ్రేముకి, వెల్డింగ్ చేయించొద్దు, ఛాసిస్ కోయించొద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఇలాంటి మార్పులు ఒప్పుకోదు. ఉన్న బోల్టులకే, వదులవకుండా స్ప్రింగ్ వాషర్లు వేసి బిగించుకునేలా చేయించుకోండి. నంబర్ ప్లేటు, వెనక లైటు కనబడాలి.

క్యారియర్ మీది సరుకు కట్టడానికి ప్లాస్టిక్ తాడు వద్దు, కుదుపులకి వదులైపోతుంది. పంక్చర్ షాపులో పాత లారీ ట్యూబు అడగండి. రెండు వేళ్ల వెడల్పున పొడుగ్గా కోసి, ఒక కొస క్యారియర్‌కి ముడేసి, సాగదీసి బస్తా మీదుగా అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి లాగి, రెండో కొసని కమ్మీ కింద దోపండి. బస్తా కుదించుకుపోయినా రబ్బరు దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. అంచులు పగుళ్లిస్తే వెంటనే కొత్తది కోయండి.

చివరగా మామూలు సరుకంతా ఎక్కించి, ఒక మనిషిని కూర్చోబెట్టి మూడు చూడండి: చైన్ అప్పుడు కూడా కాస్త వదులుగా ఉండాలి, వెనక టైరు బరువుకి అణిగిపోకూడదు, హెడ్‌లైటు వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడకూడదు. బరువుకి వెనక కుంగితే లైటు పైకి లేస్తుంది, స్క్రూ తిప్పి దించుకోవాలి. క్యారియర్ బోల్టులు మాత్రం మొదటి వారం రోజూ బిగించాను, ఇప్పుడు ప్రతి ఆదివారం సెంటర్ మూశాక బిగిస్తున్నాను.