మిలిటరీ ఆసుపత్రిలో ఉన్న ఫ్రెండ్‌ని చూడ్డానికి వెళ్తున్నారా?

మాజీ సైనికుడైన మీ ఫ్రెండ్ సికింద్రాబాద్ తిరుమలగిరి మిలిటరీ ఆసుపత్రిలో ఉన్నాడని తెలిస్తే, బయల్దేరే ముందు వాళ్లావిడకి ఒక ఫోన్ చేయండి. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డున్న వాళ్లని చాలాసార్లు ప్యానెల్‌లోని ప్రైవేటు ఆసుపత్రికి రెఫర్ చేస్తారు. అక్కడే ఉంటే వార్డు, చూసే వేళలు కనుక్కోండి. ఒరిజినల్ ఆధార్ పట్టుకెళ్లండి. లోపల ఫొటోలు, సెల్ఫీలు వద్దు.

పళ్లు అందరూ తెస్తారు. అంతకంటే పనికొచ్చేది ఒకటుంది. పింఛను కోసం ఏడాదికోసారి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ గడువు దగ్గరపడిందేమో అడగండి. 2021 నుంచి జీవన్ ప్రమాణ్‌లో (ప్రభుత్వ డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ సేవ) ముఖం స్కాన్ చేసి ఇవ్వొచ్చు, వేలిముద్ర యంత్రం అక్కర్లేదు. మీ ఫోన్లో జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ రెండూ ముందే వేసుకోండి. పీపీఓ నంబరు (పింఛను మంజూరు పత్రం మీదుండేది), ఆధార్ నంబరు, ఓటీపీ కోసం ఆయన ఫోన్ దగ్గరుండాలి. పింఛను స్పర్శ్‌లోకి (రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ) మారి ఉంటే, యాప్‌లో చెల్లించే సంస్థ అని అడిగే చోట పాత అలవాటుకొద్దీ బ్యాంకు పేరు పెట్టొద్దు, స్పర్శ్ ఎంచుకోండి. కెమెరా తెరిచే ముందు మాత్రం డ్యూటీ సిస్టర్‌ని అడగాలి. ఆవిడ వద్దంటే డిశ్చార్జి అయ్యాక ఇంట్లో చేయండి.

యుద్ధం కబుర్లు మీరు ఎత్తకండి. ఆయనే మొదలుపెడితే వినండి.