తక్కువ ఖర్చుతో మోటార్ స్పోర్ట్స్: విజయనగరం నుంచి మొదలుపెట్టేవారికి

మోటార్ స్పోర్ట్స్ అనగానే లక్షలు పోసి తయారుచేయించిన కారు కళ్ళముందు మెదిలి, చాలామంది ఆ ఆలోచనే మానుకుంటారు. కానీ రోజూ నడిపే మామూలు కారుతో, లెక్కలు చురుగ్గా చేయగల ఒక స్నేహితుడిని పక్కన కూర్చోబెట్టుకొని దిగగలిగిన పోటీ ఒకటి ఉంది. దాని పేరు టీఎస్‌డీ (టైమ్–స్పీడ్–డిస్టెన్స్, అంటే సమయం, వేగం, దూరం) ర్యాలీ. నిర్వాహకులు మలుపుల బొమ్మలున్న రోడ్‌బుక్‌ను, ఒక్కో భాగానికి పాటించవలసిన సగటు వేగాన్ని ఇస్తారు. ఎక్కడున్నాయో ముందుగా చెప్పని తనిఖీ స్థానాలకు సరిగ్గా లెక్క ప్రకారం చేరాలి. ఆలస్యమైనా, ముందుగా చేరినా పాయింట్లు పోతాయి కనుక దూకుడుకు ఇక్కడ విలువ లేదు. సైలెన్సర్ మార్పించడానికి దాచుకున్న డబ్బును నిశ్చింతగా పెట్రోలుకు వాడుకోవచ్చు.

సాధనకు గజపతినగరం వైపు వెళ్ళే రోడ్డు చాలు. రద్దీ పెరగకముందే, ఉదయం పూట వెళ్ళాలి. గంటకు 36 కిలోమీటర్ల సగటు పెట్టుకుంటే ఒక్కో కిలోమీటరుకు 100 సెకన్లు పడుతుంది. పక్కన కూర్చున్న నావిగేటర్ ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా స్టాప్‌వాచ్ చూసి, ఎంత వెనుకబడ్డారో, ఎంత ముందున్నారో పైకి చెప్పాలి. గేదెలు అడ్డువచ్చి 8 సెకన్లు పోయాయనుకుందాం: తర్వాతి కిలోమీటరును 92 సెకన్లలో, అంటే గంటకు సుమారు 39 కిలోమీటర్ల వేగంతో పూర్తిచేస్తే లెక్క సరిపోతుంది. కారు మీటరు చూపే దూరానికీ అసలు దూరానికీ తేడా ఉంటుంది కాబట్టి, ర్యాలీ మొదట్లో ఇచ్చే కొలత దూరంతో మీ మీటరును పోల్చి, ఆ నిష్పత్తినే చివరిదాకా వాడాలి.

వేగం రుచి చూడాలనుకునేవారు హైదరాబాదుకో చెన్నైకో పనిమీద వెళ్ళినప్పుడు అద్దెకు దొరికే గో-కార్టు (చిన్న రేసు బండి) నడపడం మేలు. బండి తిన్నగా వెళ్తుండగానే బ్రేకు వేసి, ఆ తర్వాత స్టీరింగ్ తిప్పే అలవాటు అక్కడే పడుతుంది. అసలు ట్రాకు మీదికి వెళ్ళాలంటే కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని ట్రాకు ఉన్నాయి. విజయనగరం హౌరా–చెన్నై రైలు మార్గం మీదే ఉంది కనుక చెన్నై ప్రయాణం కష్టం కాదు. అధికారిక రేసుల్లో పాల్గొనడానికి దేశంలో ఈ క్రీడను నియంత్రించే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు ఉండాలి.

ప్రభుత్వ అనుమతి లేకుండా జాతీయ రహదారి మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బీమా సంగతి అంతకంటే ముఖ్యం. మామూలు పాలసీ పత్రంలోని ‘వినియోగ పరిమితులు’ చదివితే, వ్యవస్థీకృత రేసులతోపాటు రిలయబిలిటీ ట్రయల్స్ (వేగం కంటే నిలకడను పరీక్షించే ర్యాలీల వంటి పోటీలు) కూడా మినహాయింపుల్లో కనిపిస్తాయి. ర్యాలీలకు వర్తించే ఐఎంటీ 31 అనే అదనపు నిబంధన గురించి, ప్రవేశ రుసుము కట్టేలోపే మీ బీమా ఏజెంటును అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.