ముళ్ల తుప్పల్లో చిన్న పిట్టల ఫోటోలు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

నాందేడ్ జిల్లా దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ చుట్టుపక్కల రాళ్ల బీళ్లలో, తుమ్మ, రేగు తుప్పల మధ్య పిట్టల ఫోటోలు తీసే మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే, లెన్స్ మార్చాలా అని. చాలాసార్లు అక్కర్లేదు. లెన్స్‌కీ పిట్టకీ మధ్య ఏముందో ముందు చూడండి.

సమస్య: ఫోకస్ సరిగ్గానే ఉంది, అయినా ఈకలు కరిగినట్టు వస్తున్నాయి

దాదాపు ఎప్పుడూ కారణం వేడిగాలే. ఎండకి రేగడి నేల, రాళ్లు కాగిపోయి వాటి పైన గాలి సుళ్లు తిరుగుతుంది, వేడిగాలీ చల్లగాలీ వెలుతురును ఒకేలా వంచవు కాబట్టి దూరంగా ఉన్న పిట్ట రూపం వణికిపోతుంది. నేల మీద తిరిగే భరత పిట్టలకి ఈ దెబ్బ మరీ ఎక్కువ, ఎందుకంటే వాటి కోసం మనమూ నేలకి ఆనుకుని పడుకుని తీస్తాం.

అదేనా కాదా తేల్చుకోవడం తేలిక. వరసగా పది ఫ్రేములు కొట్టండి. ఒకటి బాగుండి, తర్వాతది సాగినట్టు, ఆ తర్వాతది అంచు రెండుగా చీలినట్టు వస్తే అది గాలి పనే. అవే సెట్టింగులతో ఐదు మీటర్ల దూరంలో ఉన్న తంగేడు పువ్వుని తీసి చూడండి, అది పదునుగా వస్తే లెన్స్‌కి ఏ రోగమూ లేదు. ట్రైపాడ్ పెట్టినా, షట్టర్ స్పీడ్ పెంచినా, తర్వాత కంప్యూటర్లో ఎంత షార్పెన్ చేసినా ఈ మసక పోదు, టెలికన్వర్టర్ (దూరాన్ని ఇంకా దగ్గరగా చూపించే అదనపు లెన్స్) తగిలిస్తే ఇంకా పెద్దదవుతుంది. పొద్దున్నే వెళ్లడం, దగ్గరికి వెళ్లడం, ఈ రెండే మందులు. ఎండాకాలంలో ఎనిమిది దాటాక దూరపు పిట్టల్ని వదిలేయండి, చలికాలంలో కూడా ఎండ ఎక్కితే ఇదే గోల. కారులోంచి తీసేవాళ్లు ఏసీ ఆపి, అద్దాలు ముందే దించి, లోపలి గాలీ బయటి గాలీ ఒకటయ్యేదాకా ఆగాలి. వేడెక్కిన బానెట్ మీదుగా మాత్రం తీయొద్దు.

సమస్య: ఫోకస్ పిట్టని వదిలేసి ముందున్న ముల్లుని పట్టుకుంటోంది

ప్రీనియా అనే చిన్న పిట్ట తోక పైకెత్తి తుప్ప లోపలే పుల్ల నుంచి పుల్లకి దూకుతుంటుంది, కెమెరాకేమో దగ్గరగా, తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపించే తుమ్మముల్లు తేలిక. కంటిని పట్టే ఆటోఫోకస్ ఉన్నా ముందు కన్ను కనపడాలి కదా. సింగిల్ పాయింట్‌కి (ఒకే చుక్క మీద ఫోకస్ పట్టే పద్ధతికి) మారండి, లెన్స్ మీది ఫోకస్ రింగుని చేత్తో తిప్పి పిట్ట దగ్గరిదాకా తెచ్చి, ఆ తర్వాతే ఆటోఫోకస్ నొక్కండి. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాకి 400 ఎంఎం లెన్స్ తగిలించి ఎఫ్/5.6లో ఆరు మీటర్ల నుంచి తీస్తే పదునుగా వచ్చే లోతు సుమారు 5 సెంటీమీటర్లే, కాబట్టి పిట్ట పక్కకి తిరిగినప్పుడే కొట్టాలి. షట్టర్ స్పీడ్ 1/1000 సెకను కంటే తగ్గనివ్వకండి, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) పెరిగితే పెరగనీయండి. దానివల్ల వచ్చే గ్రెయిన్ (చుక్కచుక్కల మసక) తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నుని ఎవరూ బాగుచేయలేరు.

నన్నడిగితే అసలు పద్ధతి వేరే. తుప్ప లోపలికి చూడటం మానేసి, పైకి పొడుచుకొచ్చిన ఒక పుల్లని ఎంచుకుని, దాని మీద ఫోకస్ పెట్టుకుని కూర్చోండి. వానలు పడ్డాక మగ ప్రీనియా పాడటానికి అలాంటి పుల్ల మీదికే మళ్లీ మళ్లీ వస్తుంది.

సమస్య: నల్ల పిట్టలు బొగ్గుముద్దల్లా వస్తున్నాయి

ఎండిన గడ్డి మెరుపు చూసి కెమెరా మొత్తం ఫోటోని చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్ +2/3 పెంచండి, కానీ మగ నల్లంచి (ఇండియన్ రాబిన్) రెక్క మీద తెల్లమచ్చ మాడిపోకుండా హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపించే గ్రాఫ్) చూసుకోండి. మీ నీడ పిట్ట వైపు పడేలా నిలబడితే దాని ఒంటి మీది నీలి నిగనిగ కూడా పడుతుంది.

సమస్య: దగ్గరికి పోగానే తుర్రుమంటోంది

తిన్నగా దాని మీదికే నడిస్తే ఉండదు. పక్కకి పోతున్నట్టు ఏటవాలుగా నడవండి, మధ్యలో ఆగండి, లేదంటే బైక్ పక్కనే చతికిలబడి దాన్నే రానివ్వండి. ఫోన్లో కూత వినిపించి పిలవడం, అడ్డమొచ్చిందని గూటి ముందు కొమ్మ విరవడం వద్దే వద్దు, ఆ కొమ్మ నీడే మే నెల ఎండలో పిల్లల్ని కాపాడేది. పిట్ట నోట్లో పురుగు పట్టుకుని, గూటికి పోకుండా చుట్టూ తిరుగుతూ అరుస్తుంటే మీరు గూటికి మరీ దగ్గరగా ఉన్నారని అర్థం. ఫ్రేమ్ ఎంత బాగా కుదిరినా సరే, వెంటనే లేచి వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోండి.