గూడు ఒక్కటే, లెక్క రెండు: సంరక్షణ డేటాలో తప్పులు పట్టుకోవడం

ఒడిశా బరంపురంలో కూర్చుని, దగ్గరి రుషికుల్య తీరంలో గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్ల గూళ్ల షీట్లు చూసేవాళ్లకు మార్చి నెలంటే టెన్షనే. ఎక్కువగా తగిలే తప్పులు ఇవి.

సమస్య: ఫీల్డ్ పుస్తకంలో కన్నా షీటులో గూళ్లు ఎక్కువ.

కారణం: మాకు దొరికిన రెండు వరుసలు చూడండి. "గూడు 41, పోడంపేట, రాత్రి 2, చుట్టూ వల." పది వరుసల కింద "గూడు 41, ఉదయం 5, అల తగులుతోంది, హేచరీకి." (హేచరీ అంటే గుడ్లు తెచ్చి పొదిగించే చోటు.) మొదటిది ఇన్-సిటు, అంటే ఉన్నచోటే కాపాడటం. రెండోది ఎక్స్-సిటు, అంటే సొంత చోటు నుంచి తీసి వేరేచోట కాపాడటం కింద పడింది. రెండూ నిజమే, సిస్టమ్ రెండూ కూడేసింది.

పరిష్కారం: "పద్ధతి" కాలమ్‌ను రెండుగా విడదీయండి: "ఏం చేశాం", "ఇప్పుడు ఎక్కడుంది". గూళ్ల మొత్తం మాత్రం ఒక్కో నంబరుకు చివరి వరుస నుంచే తీయాలి.

హేచరీ కూడా అదే ఒడ్డున ఉంది కదా, ఇన్-సిటు అనేస్తే పోలా అని అడుగుతారు. నేనైతే "తరలింపు" అని వేరే కోడ్ ఇస్తాను. పిల్ల ఆడో మగో తేల్చేది ఇసుక వేడి; వేడి పెరిగితే ఆడవి ఎక్కువ. హేచరీ పందిరి నీడలోని గుడ్లనూ ఎండలోని గూటినీ ఒకే కోడ్‌లో వేస్తే తర్వాత ఎవరూ విడదీయలేరు.

సమస్య: తాబేళ్లే కాదు, పంటల వరుసల్లోనూ తప్పులే. ఒడిశాలోని కోరాపుట్ దేశవాళీ రకం కాలాజీరా వరి మొత్తం ఎక్స్-సిటులోకి పోయింది.

మనిషి పెంచేది కాబట్టి సహజం కాదని ఎవరో రూల్ రాసి ఉంటారు. 1992 జీవవైవిధ్య ఒప్పందం ప్రకారం సాగు మొక్కకు దాని ప్రత్యేక లక్షణాలు ఏర్పడిన పరిసరాలే సొంత చోటు. కాబట్టి అక్కడి రైతు మడిలో ఉన్నది ఇన్-సిటు, అదే గింజ విత్తన బ్యాంకు చల్లగదిలో ఉంటే ఎక్స్-సిటు. పంట పేరు చూసి కాదు, గింజ ఉన్న చోటు చూసి కోడ్ వేయండి.

సమస్య: రక్షిత విస్తీర్ణం ఒక్కసారిగా పెరిగింది.

నవంబర్ 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు తాబేళ్ల కోసం ట్రాలర్ల (వల లాగుతూ చేపలు పట్టే మరపడవల) మీద ఉండే నిషేధాన్ని ఎవరో అభయారణ్యంలా ఎక్కించారు. అది నియమం, స్థలం కాదు. మొదలు, ముగింపు తేదీలు ఇచ్చి విస్తీర్ణం గడి ఖాళీగా వదలండి. సున్నా కొడితే సగటు పడిపోతుంది.

సమస్య: ఫిల్టర్‌లో ఒకే పద్ధతి మూడుసార్లు.

వల, జాల, నెట్. తెలుగువాళ్లు ఒకటి, ఒడియావాళ్లు ఒకటి, ఆఫీసువాళ్లు ఒకటి రాశారు. డ్రాప్‌డౌన్‌లో కోడ్ పెట్టి, వివరం ఎవరి భాషలో వాళ్లను రాసుకోనివ్వండి. పాత షీటులో అప్పటికీ రెండు "వల"లు కనిపిస్తే ఒకదాని చివర స్పేస్ ఉన్నట్టే. ట్రిమ్ ఫార్ములా కొట్టండి.