పైన ల్యాబ్‌లో సిస్టమ్‌లను కింద కూర్చునే ఆపేయడం ఎలా?

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర మాది చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్, కింద ఆఫీసు, పైన ల్యాబ్. రాత్రి షట్టర్ వేసే ముందు మెట్లెక్కి చూస్తే కనీసం మూడు సిస్టమ్‌లు ఆన్‌లోనే ఉంటాయి, పిల్లోళ్లు మానిటర్ బటన్ నొక్కేసి అంతా ఆపేశామనుకుని వెళ్లిపోతారు. ఆ మెట్ల బాధ పడలేకే ఇది నేర్చుకున్నా.

వేరే సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, షట్‌డౌన్ అనే కమాండ్ విండోస్‌లోనే ఉంది. ఇక్కడ తెలుగులో రాస్తున్నా గానీ మీరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు ప్రతి సిస్టమ్‌లో కమాండ్ ప్రాంప్ట్ (కమాండ్‌లు కొట్టే నల్ల విండో) తెరిచి హోస్ట్‌నేమ్ అని కొడితే దాని పేరు వస్తుంది, రాసిపెట్టుకోండి.

తర్వాతది పర్మిషన్ల పని, అసలు టైమంతా తినేది ఇదే. మీ సిస్టమ్‌లో, ల్యాబ్ సిస్టమ్‌లన్నిటిలో ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో అడ్మిన్ అకౌంట్ ఉండాలి. పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే నెట్‌వర్క్ నుంచి విండోస్ లోపలికి రానివ్వదు. ల్యాబ్ సిస్టమ్‌ల ఫైర్‌వాల్‌లో ఇన్‌బౌండ్ రూల్స్‌కి వెళ్లి రిమోట్ షట్‌డౌన్ అని ఉన్న రూల్స్ ఆన్ చేయండి. అయినా 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అనే వస్తుంటే, ఆ సిస్టమ్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు, రెజ్‌ఎడిట్‌తో తెరుచుకుంటుంది) హెచ్‌కేఎల్ఎం (అంటే హెచ్‌కీ_లోకల్_మెషీన్), సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, పాలసీస్, సిస్టమ్ దాకా వెళ్లి లోకల్‌అకౌంట్‌టోకెన్‌ఫిల్టర్‌పాలసీ అనే డీవర్డ్ (నంబర్ పెట్టే ఎంట్రీ) పెట్టి విలువ 1 ఇవ్వాలి. నాకు ఒక సాయంత్రమంతా దీని దగ్గరే పోయింది. దీనివల్ల కాపలా కొంచెం సడలుతుంది కాబట్టి మీ సొంత ల్యాబ్‌లో తప్ప ఇంకెక్కడా చేయొద్దు.

ఇప్పుడు మీ సిస్టమ్ నుంచి ల్యాబ్‌లో ఒక్కదాని మీద ట్రై చేయండి:

షట్‌డౌన్ /ఎస్ /ఎమ్ \\ల్యాబ్3 /టీ 120

ఎస్ అంటే ఆపడం (దాని బదులు ఆర్ పెడితే రీస్టార్ట్), ఎమ్ తర్వాత సిస్టమ్ పేరు, టీ తర్వాత ఎన్ని సెకన్లు ఆగాలో.

ఇది పనిచేస్తే పేర్లన్నీ లైనుకొకటి చొప్పున లిస్ట్.టీఎక్స్‌టీ ఫైల్‌లో పెట్టి, అదే ఫోల్డర్‌లో నోట్‌ప్యాడ్‌తో ఈ ఒక్క లైను రాసి .బ్యాట్ ఫైల్‌గా (డబుల్ క్లిక్ చేస్తే అందులోని కమాండ్‌లు నడుస్తాయి) సేవ్ చేయండి:

ఫర్ /ఎఫ్ %%ఐ ఇన్ (లిస్ట్.టీఎక్స్‌టీ) డూ షట్‌డౌన్ /ఎస్ /ఎమ్ \\%%ఐ /టీ 120 /సీ "సేవ్ చేసుకోండి"

సీ తర్వాతది అక్కడి స్క్రీన్ మీద కనిపించే మెసేజ్. ఫైల్‌కి మాత్రం షట్‌డౌన్ అనే పేరు పెట్టకండి, పెడితే అది అసలు కమాండ్‌ని వదిలేసి తనను తానే పిలుచుకుంటూ తిరుగుతూనే ఉంటుంది, సిస్టమ్ ఒక్కటీ ఆగదు.

టీ దగ్గర 0 కూడా పెట్టొద్దు. మొదటిరోజు నేను అదే పెట్టాను, పైన ఒకమ్మాయి ఇంకా ఉద్యోగం అప్లికేషన్ నింపుతోందని చూసుకోలేదు, ఆ పిల్ల మెట్లు దిగొచ్చి అన్న మాటలు ఇక్కడ రాయలేను. 120 పెట్టినా గడువు అయ్యాక సేవ్ చేయని పని పోతుంది, విండోస్ అన్నీ బలవంతంగా మూసేస్తుంది. అందుకే పైన ఎవరైనా ఉన్నారని గుర్తొస్తే ఆలోపే ఇది కొట్టండి, ఆ సిస్టమ్ షట్‌డౌన్ రద్దవుతుంది:

షట్‌డౌన్ /ఏ /ఎమ్ \\ల్యాబ్3

ముందే ఆపేసి ఉన్న సిస్టమ్ దగ్గర 53 అనే ఎర్రర్ వస్తుంది, టెన్షన్ పడకండి, ఆ బ్యాట్ ఫైల్ కాసేపు ఆగి తర్వాతి పేరుకు వెళ్తుంది.