పీరియడ్ లేటయిందా? ముందు అండం సంగతి చూడండి

"డేట్ దాటి వారమైంది, ఇంకా రాలేదు"

ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి, అవకాశం లేదనిపించినా సరే. నెగెటివ్ వస్తే లెక్క వెనక నుంచి వేయాలి. అండం విడుదలయ్యాక సుమారు రెండు వారాలకు నెలసరి వస్తుంది. ఈ రెండో సగం పెద్దగా మారదు, సాగేది మొదటి సగమే. నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కిస్తే, 28 రోజులకు వచ్చేవారిలో అండం 14వ రోజు ప్రాంతంలో విడుదలైతే, 35 రోజులకు వచ్చేవారిలో 21వ రోజు ప్రాంతంలో అవుతుంది. అంటే చాలాసార్లు లేటయింది పీరియడ్ కాదు, అండం.

కారణం తరచూ తలలోనే ఉంటుంది. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం సంకేతం ఇస్తేనే దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను వదులుతుంది, దాంతో అండం ఉన్న తిత్తి పెరుగుతుంది. ఆ తిత్తి నుంచి వచ్చే ఈస్ట్రోజన్ హార్మోన్ బాగా పెరిగాక, పిట్యూటరీ వదిలే మరో హార్మోన్ ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగబాకి అండాన్ని బయటికి పంపుతుంది. విపరీతమైన టెన్షన్, కడుపు మాడ్చుకునే డైటింగ్, అతి వ్యాయామం ఆ మొదటి సంకేతాన్నే మందగింపజేస్తాయి. ఒక నెల తప్పితే తిండి, నిద్ర సరిచేసుకుని చూడొచ్చు. మూడు నెలలు రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. థైరాయిడ్ సమస్య, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) ఎక్కువవడం, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నాయేమో చూస్తారు.

"21వ రోజు ప్రొజెస్టిరాన్ టెస్ట్‌లో తక్కువ వచ్చింది"

కంగారు పడకండి. ప్రొజెస్టిరాన్ అనేది అండం విడుదలయ్యాకే పెరిగే హార్మోన్. ఆ 21 అనే అంకె 28 రోజుల వారిది. మీది 35 రోజులైతే అప్పటికి అండం విడుదలై ఉండకపోవచ్చు, ఇక ప్రొజెస్టిరాన్ ఎక్కడిది? నెలసరి రావాల్సిన తేదీకి వారం ముందు, అంటే 28వ రోజు ప్రాంతంలో చేయించాలి. ఈ చిన్న తేడా వల్ల అనవసరంగా భయపడేవాళ్లే ఎక్కువని నాకనిపిస్తుంది.

"రెండు నెలలు రాలేదు, వచ్చాక ఆగడం లేదు"

అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ తయారవదు. ఈస్ట్రోజన్ ఒక్కటే గర్భాశయం లోపలి పొరను మందంగా పెంచుకుంటూ పోతుంది. చివరికి అది ఒక్కసారిగా కాక ముక్కలు ముక్కలుగా రాలుతుంది. రజస్వల అయిన మొదటి ఏళ్లలో, మెనోపాజ్ ముందు, పీసీఓఎస్‌లో ఇది మామూలే. డాక్టర్లు తరచూ ప్రొజెస్టిరాన్ తరహా మాత్రలు ఇస్తారు. అవి ఆపిన కొద్ది రోజులకు ఆ పొర రాలి బ్లీడింగ్ అవుతుంది. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.